మాస్కు కట్టడం నుంచి సిలిండర్ మూసేదాకా: వ్యాయామ శాస్త్ర ల్యాబులో టెక్నీషియన్ పని

ఒడిశాలో మన తెలుగువాళ్ళున్న గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ల్యాబ్ టెక్నీషియన్ అంటే అందరికీ తెలిసింది ఒకటే. డయాగ్నొస్టిక్ సెంటర్లో కూర్చుని రక్తం తీసి, షుగరెంతో చీటీ మీద రాసిచ్చే మనిషి. నేనూ కొన్నేళ్ళు అదే చేశాను. తర్వాత బరంపురంలో ఒక పరిశోధన ల్యాబులో పడ్డాను. ఇక్కడ రక్తం ఇచ్చే మనిషి కుర్చీలో కూర్చోడు. ట్రెడ్‌మిల్ మీద పరిగెడుతూ, చెమటలు కక్కుతూ, మాస్కులోంచి ఏదో గొణుగుతూ ఉంటాడు. అతని చెవి తమ్మె నుంచి 20 సెకన్లలో ఒక్క చుక్క తీయాలి.

మొదటి ఆరు నెలల్లో నాకు అర్థమైంది ఇది. మిషన్ ఎప్పుడూ ఏదో ఒక అంకె ఇస్తుంది. పాడైపోయిన మిషనూ ఇస్తుంది, దశాంశ స్థానాలతో సహా. దాన్ని నమ్మొచ్చో లేదో చెప్పగలిగేది పొద్దున్నే వచ్చి దాన్ని సరిచూసిన టెక్నీషియనే. ప్రొఫెసరుగారు చెప్పలేరు, ఆయన చేతికి ఎక్సెల్ షీటు మాత్రమే వెళ్తుంది. కింద రాసినదంతా ఆ సరిచూసే పని గురించే.

ఎవరు రావచ్చు, ముందు ఏం చేసుకోవాలి

రెండు దారుల్లో వస్తారు. డీఎమ్మెల్టీ, బీఎమ్మెల్టీ చేసినవాళ్ళు ఒక దారి; బీపీఎడ్ గానీ, ఫిజియాలజీతో డిగ్రీ గానీ చేసినవాళ్ళు ఇంకో దారి. మొదటివాళ్ళకి రక్తం దగ్గర చెయ్యి తిరిగి ఉంటుంది, ట్రెడ్‌మిల్ అంటే బెరుకు. రెండోవాళ్ళకి సరిగ్గా తిరగేసి. ఏది రాదో అదే ముందు నేర్చుకోండి. ఇంకా పైకి చదవాలనుకుంటే పటియాలాలో 1961లో పెట్టిన జాతీయ క్రీడా సంస్థ, గ్వాలియర్లో 1957 నాటి లక్ష్మీబాయి సంస్థ, చెన్నైలో తమిళనాడు వ్యాయామ విద్య, క్రీడల విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఇంఫాల్లో జాతీయ క్రీడా విశ్వవిద్యాలయానికి 2018లో చట్టం చేశారు.

ఉద్యోగం చాలావరకు ప్రాజెక్టు మీద ఉంటుంది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) డబ్బుతో నడిచే ప్రాజెక్టుల్లో ఈ పోస్టుని 'ప్రాజెక్ట్ టెక్నికల్ సపోర్ట్' అంటారు. ప్రాజెక్టు ముగిస్తే ఉద్యోగమూ ముగుస్తుంది, అది తెలిసే చేరండి. ఇంట్లో వాళ్ళకి కూడా ముందే చెప్పండి, తర్వాత సంజాయిషీలు ఉండవు.

చేరే ముందు మూడు పనులు చేసుకోవాలి. హెపటైటిస్ బీ టీకా మూడు డోసులు, అంటే 0, 1, 6 నెలల లెక్కన. మొదటి డోసు వేయించుకోకుండా ఎవరి రక్తమూ ముట్టకండి. రెండోది సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్ళకి ఛాతీ నొక్కి ప్రాణం నిలపడం; బొమ్మ మీద చేతులు నొప్పెట్టేదాకా చేసి నేర్చుకోవాలి. మూడోది భాష. ఆఫీసులో ఒడియా, బరంపురం వెయిట్‌లిఫ్టర్లతోనూ గోపాల్‌పూర్ బెస్తవాళ్ళతోనూ తెలుగు, కోరాపుట్ వైపు వెళ్తే కొంచెం దేశియా (అక్కడి ఊళ్ళ మాట). రెండు భాషలొచ్చిన మనవాళ్ళకి ఇక్కడ ఉన్న మేలు భువనేశ్వర్ నుంచి వచ్చినవాడికి ఉండదు.

వెయిట్‌లిఫ్టర్లని ఊరికే అనలేదు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారం, 2014 గ్లాస్గోలో 77 కిలోల్లో వెండి తెచ్చిన కాటూలు రవికుమార్ ఈ ఊరివాడే. అందుకే మా దగ్గరికి వచ్చే కుర్రాళ్ళలో సగం మంది భుజాలు తలుపులో పట్టవు.

సోమవారం పొద్దున: ముందు మిషన్, తర్వాత మనిషి

ఆక్సిజన్ వాడకాన్ని, అంటే వీఓటూని కొలిచే గ్యాస్ ఎనలైజర్ ఈ ల్యాబుకి గుండెకాయ. మనిషి ఎనిమిదింటికి వస్తాడంటే మీరు ఏడింటికే స్విచ్ వేసి ఉండాలి. సెన్సార్లు వేడెక్కి నిలకడకి రావడానికి అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. వేడెక్కకముందు చేసిన కాలిబ్రేషన్, అంటే తెలిసిన విలువతో మిషన్ని సరిచూడటం, మళ్ళీ చేయాల్సిందే.

గ్యాస్ కాలిబ్రేషన్‌కి రెండు బిందువులు కావాలి. ఒకటి బయటి గాలి: ఆక్సిజన్ 20.93 శాతం, కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం. రెండోది సిలిండర్ గ్యాస్: చాలా ల్యాబుల్లో ఆక్సిజన్ 16 శాతం, కార్బన్ డయాక్సైడ్ 4 లేదా 5 శాతం, మిగతా నైట్రోజన్. సిలిండర్‌తో వచ్చిన సర్టిఫికెట్ మీద ఏ అంకె ఉందో అదే మిషన్‌లో కొట్టండి. 16 అని ఆర్డరు చేస్తే 15.97 రావచ్చు, అప్పుడు 15.97 అనే కొట్టాలి. ఇంత పట్టింపు ఎందుకంటే, నిమిషానికి 100 లీటర్ల గాలి పీలుస్తున్న మనిషి దగ్గర ఆక్సిజన్ కొలతలో 0.1 శాతం తప్పు వస్తే వీఓటూలో 100 మిల్లీలీటర్ల పైనే తేడా వస్తుంది. మూడు నెలల ట్రైనింగ్‌తో వచ్చే మెరుగు ఒక్కోసారి అంతే ఉంటుంది.

బయటి గాలి దగ్గర చాలామంది బోల్తా పడతారు. తలుపులేసి, ఏసీ పెట్టి, పరీక్ష చూడ్డానికి ఎనిమిది మంది స్టూడెంట్లు గదిలో చేరితే అది బయటి గాలి ఎలా అవుతుంది? అరగంటలో కార్బన్ డయాక్సైడ్ 0.15 శాతం దాటిపోతుంది. మిషన్ మాత్రం దాన్ని 0.04 అనుకుని సున్నా పెట్టుకుంటుంది. నేను కాలిబ్రేషన్ వేళ అందర్నీ టీకి పంపించేసి కిటికీ తెరుస్తాను. శాంపిల్ ట్యూబు పొడుగ్గా ఉంటే కిటికీలోంచి బయటికి వదులుతాను.

తర్వాత గాలి పరిమాణం. 3 లీటర్ల సిరంజితో మెల్లగా, మధ్యస్తంగా, జోరుగా, మూడు వేగాల్లో తోయాలి. ఏ వేగంలో తోసినా 2.91 నుంచి 3.09 లీటర్ల మధ్య రావాలి. మెల్లగా తోసినప్పుడు సరిగ్గా వచ్చి జోరుగా తోస్తే తక్కువ వస్తోందంటే టర్బైన్ (గాలి పరిమాణం కొలిచే చిన్న పంకా) తడిగా ఉందేమో, ఎక్కడైనా లీకు ఉందేమో చూడండి. వానాకాలంలో మాకు నూటికి తొంభై సార్లు తడే. కడిగిన టర్బైన్ మే నెలలో గంటలో ఆరుతుంది, ఆగస్టులో పూట పడుతుంది. అందుకే రెండు టర్బైన్లు ఉండాలి. బడ్జెట్ లేదంటే మాస్కుల సంఖ్య తగ్గించి అయినా రెండోది కొనిపించుకోండి.

ట్రెడ్‌మిల్ తెర మీద 10 అని ఉన్నంత మాత్రాన అది గంటకి 10 కిలోమీటర్లు తిరుగుతున్నట్టు కాదు. బెల్టు పొడవు టేపుతో కొలవండి, అంచున తెల్ల టేపు ముక్క అంటించండి, ఒక మనిషిని ఎక్కించి పరిగెత్తిస్తూ 50 చుట్లకి ఎన్ని సెకన్లో చూడండి. బెల్టు 3.20 మీటర్లయితే 50 చుట్లు 160 మీటర్లు. 57.6 సెకన్లు పడితే సరిగ్గా 10. ఖాళీ బెల్టు మీద కొలవకండి, 80 కిలోల మనిషి అడుగు పడితే పాత మోటారు మెత్తబడుతుంది.

సైకిల్‌కి బెల్టు రాపిడితో లోడు పెట్టే పాత రకం, మోనార్క్ కంపెనీది ఉంటే అదృష్టం, దాన్ని మీరే సరిచూసుకోవచ్చు. లోలకం సున్నా దగ్గర ఉందా చూడాలి, తూకం సరిచూసిన 4 కిలోల బాట్ వేలాడదీస్తే 4 చూపించాలి. లెక్క కూడా చేతిలో పని: పెడల్ ఒక్కసారి తిరిగితే చక్రం అంచు 6 మీటర్లు కదులుతుంది. 1 కిలో లోడు, నిమిషానికి 60 తొక్కుళ్ళు అంటే దాదాపు 59 వాట్లు. 30 సెకన్లు ఉన్న బలమంతా పెట్టి తొక్కే వింగేట్ పరీక్షకి శరీర బరువులో 7.5 శాతం లోడు పెడతారు. 60 కిలోల మనిషికి 4.5 కిలోలు.

ఇవన్నీ అయ్యాక నేను చేసేది ఇంకొకటుంది. ప్రతి సోమవారం నేనే మాస్కు కట్టుకుని 100 వాట్ల దగ్గర 6 నిమిషాలు సైకిల్ తొక్కుతాను. ఎప్పుడూ ఒకే వేళకి, తిన్న మూడు గంటలకి. చివరి రెండు నిమిషాల వీఓటూ సగటు నా విషయంలో నిమిషానికి 1.52 లీటర్ల చుట్టూ ఉంటుంది. అయిదు శాతం దాటి తేడా వచ్చిందా, ఆ రోజు పరీక్షలు ఆగిపోయినట్టే, లీకు కోసం వెతుకుడే. గోడకి గీతల కాగితం అంటించి ప్రతి వారం ఒక చుక్క పెడతాను. మా స్టూడెంట్లు దాన్ని 'అన్నయ్య జాతకం' అంటారు.

మనిషి వచ్చే ముందు

ముందు రోజు ఫోన్ చేయండి. మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు. రేపటి పరీక్షకి 24 గంటల ముందు నుంచి గట్టి ఎక్సర్‌సైజ్ వద్దు, మద్యం వద్దు, పొద్దున టీ కాఫీ వద్దు, మూడు గంటల ముందు తిండి అయిపోవాలి. ఇక్కడ ఇంకో మాట విడిగా అడగాలి, ఖైనీ, గుట్కా. నికోటిన్ గుండె వేగాన్ని పెంచుతుంది. 'అలవాటుందా' అంటే లేదంటారు. 'పొద్దున్న ఎన్నింటికి వేసుకుంటావు తమ్ముడూ' అంటే ఆరింటికని చెప్తారు. ఒకసారి ఒక కుర్రాడికి మాస్కు బిగించాక గానీ బుగ్గలో సంగతి బయటపడలేదు. ఆ మాస్కు నేను మూడుసార్లు కడిగాను.

తేదీలు వేసేటప్పుడు ఊరి క్యాలెండర్ చూడండి. బరంపురంలో రెండేళ్ళకోసారి ఠాకురాణి జాతర జరిగే రోజుల్లో మీరు ఏ తేదీ ఇచ్చినా ఎవరూ రారు. వచ్చినా రాత్రంతా నిద్ర లేకుండా వస్తారు, ఆ కొలత ఎందుకూ పనికిరాదు.

సమ్మతి పత్రం దగ్గర మన జిల్లాలకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఫారం ఒడియాలో, తెలుగులో, రెండిట్లో వేయించాం కదా అని సంబరపడతాం. తీరా చూస్తే ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లలు ఒడియా మీడియంలో చదివి ఉంటారు, తెలుగు లిపి రాదు. వాళ్ళ అమ్మకి తెలుగే అర్థమవుతుంది, ఏ లిపీ రాదు. కాబట్టి కాగితం చేతికిచ్చి 'చదువుకుని సంతకం పెట్టండి' అనడం కుదరదు. తెలుగులో మొత్తం చదివి వినిపించాలి. చదవడం రానివాళ్ళయితే ప్రాజెక్టుతో సంబంధం లేని సాక్షి పక్కనుండి సంతకం చేయాలి. ఐసీఎంఆర్ 2017 నైతిక మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 18 ఏళ్ళ లోపు పిల్లలకి తల్లిదండ్రుల సమ్మతితో పాటు పిల్లల ఒప్పుకోలు కూడా విడిగా కావాలి.

పదహారేళ్ళ లిఫ్టర్ పాపని తీసుకొచ్చిన ఒకావిడ నన్ను అడిగిన మాటలు ఇప్పటికీ కొత్తవాళ్ళకి చెప్తుంటాను.

"ఏటి బాబూ, ఆడపిల్లకి రక్తం ఎంత తీస్తారేటి?"

"చుక్కలేనమ్మా. ఆరేడు చుక్కలు, చెవి దగ్గర. అన్నీ కలిపినా చెంచాలో పావు వంతు ఉండదు."

"నేను సంతకం పెట్టేసినాక పిల్ల వొద్దంటేనో?"

"వద్దన్నప్పుడే ఆపేస్తామమ్మా. మీరు సరేనన్నా సరే, పాప మాటే ఆఖరు."

ఆవిడ అప్పుడు కూతురి వైపు తిరిగి 'ఇన్నావా' అంది. ఈ రెండు ప్రశ్నలకీ తడుముకోకుండా జవాబు చెప్పలేకపోతే ఫారం మీకే ఇంకా అర్థం కాలేదన్నమాట. ఆడపిల్లల పరీక్ష అయితే గదిలో ఆడమనిషి ఉండాలి, నెలసరి తేదీ ఆవిడే అడిగి రాసుకోవాలి. మగ టెక్నీషియన్ అడిగితే చెప్పే తేదీ చాలాసార్లు నోటికొచ్చిన తేదీయే.

పరీక్ష జరిగేటప్పుడు

ముందు ఆరోగ్య ప్రశ్నావళి, బీపీ, విశ్రాంతిలో గుండె వేగం. గుండె వేగం బెల్టుని నీళ్ళతో తడపాలి, పొడి బెల్టు మొదటి అయిదు నిమిషాలు చెత్త అంకెలిస్తుంది. మాస్కు కట్టాక గాలి పోయే రంధ్రాన్ని అరచేత్తో మూసి 'ఊదు' అనండి. ముక్కు పక్కన గానీ గడ్డం కింద గానీ గాలి తగిలితే సైజు మార్చాలి. గడ్డం ఉన్నవాళ్ళతో ఈ గొడవ తప్పదు. గీసుకోమని అడిగే హక్కు మనకి లేదు గానీ, లీకు ఉన్న పరీక్ష లెక్కలోకి రాదని ముందే చెప్పాలి.

ఎంత కష్టంగా ఉందో అడగడానికి 6 నుంచి 20 దాకా ఉండే బోర్గ్ పట్టిక వాడతాం. దాన్ని తెలుగులోకి తెచ్చిన కాగితాల్లో 'గ్రహించిన శ్రమ స్థాయి' లాంటి మాటలు కనబడతాయి. పరిగెత్తేవాడికి ఆ మాట ఎక్కదు. 'ఆయాసం ఎంత' అంటే ఊపిరి సంగతే చెప్తాడు, కాళ్ళు మండుతున్నా చెప్పడు. మేం ఆఖరికి 'ఒళ్ళు మొత్తమ్మీద ఎంత కష్టంగా ఉంది' అన్నదాని దగ్గర ఆగాం. 6 దగ్గర 'అసలు కష్టమే లేదు', 11 దగ్గర 'తేలికే', 13 దగ్గర 'కాస్త కష్టం', 17 దగ్గర 'చాలా కష్టం', 20 దగ్గర 'ఇంక నావల్ల కాదు'. మాటలు ఒకసారి ఖాయం చేసుకుని ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్నాక మార్చకూడదు. అందరికీ అవే మాటలు, అదే గొంతుతో. మనకి తెలిసిన కుర్రాడని 'లాగించరా, ఇంకొక్క నిమిషం' అని అరిస్తే మిగతా వాళ్ళకీ అంతే అరవాలి. అరుపు కూడా ప్రోటోకాల్‌లో భాగమే.

ఎక్కడ ఆపాలో గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి: ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, ఒళ్ళు పాలిపోయి చల్లబడటం, లోడు పెరుగుతుంటే పై బీపీ 10కి మించి పడిపోవడం, ఈసీజీలో తేడా. వీటన్నిటి కన్నా ముందు, మనిషి చెయ్యి ఎత్తడం. ఆపాక ఒక్కసారిగా దించేయకండి. అప్పటిదాకా కాళ్ళలోకి పరిగెత్తిన రక్తం అక్కడే నిలిచిపోయి మనిషి కుప్పకూలతాడు. నాలుగైదు నిమిషాలు మెల్లగా నడిపించాలి. ఏఈడీ (ఆగిన గుండెకి షాక్ ఇచ్చే పెట్టె) ఎక్కడుందో, దాని బ్యాటరీ తేదీ ఎంతో, 108కి ఫోన్ ఎవరు చేస్తారో పరీక్షకి ముందే పేర్లతో పంచుకోవాలి.

పరీక్ష నిజంగా గరిష్ఠం దాకా వెళ్ళిందా అన్నది ఒక్క అంకెతో తేలదు. లోడు పెంచినా వీఓటూ పెరగకపోవడం, శ్వాస నిష్పత్తి (వదిలిన కార్బన్ డయాక్సైడ్‌కీ వాడిన ఆక్సిజన్‌కీ ఉన్న నిష్పత్తి) 1.10 దాటడం, రక్తంలో లాక్టేట్ (కండరాలు గట్టిగా పనిచేస్తే పెరిగే పదార్థం) లీటరుకి 8 మిల్లీమోల్స్ దాటడం, ఇవన్నీ కలిపి చూస్తారు. 220 లోంచి వయసు తీసేసే లెక్కని నేను పెద్దగా నమ్మను. మనిషికీ మనిషికీ పది పన్నెండు దాకా తేడా మామూలే.

చెవి తమ్మె మీద ఒక చుక్క

ఈ పనిలో చెయ్యి కుదరడానికి నాకు రెండు నెలలు పట్టింది. చెవి తమ్మెని వేళ్ళతో కాసేపు రుద్ది ఎర్రబడనివ్వాలి. స్పిరిట్ దూదితో తుడవాలి, ఆరనివ్వాలి. ఆరకముందే పొడిస్తే చుక్క గుండ్రంగా నిలబడదు, తమ్మె మీద పరుచుకుపోతుంది. లాన్సెట్‌తో ఒక్క పోటు, తమ్మె కింది అంచున. మొదటి చుక్క తుడిచేయాలి. రెండో చుక్క తనంతట తను ఉబ్బాలి, పిండకూడదు. లాక్టేట్ మీటరు స్ట్రిప్ అంచుని చుక్కకి తాకిస్తే చాలు, అదే పీల్చుకుంటుంది. స్ట్రిప్ చర్మానికి తగలకూడదు.

చెమట ఇక్కడ పెద్ద శత్రువు. చెమటలో లాక్టేట్ రక్తంలో కన్నా ఎన్నో రెట్లు ఉంటుంది. జుట్టులోంచి జారిన ఒక్క బొట్టు కలిస్తే 3 రావలసింది 6 అవుతుంది. ఆ మనిషి థ్రెషోల్డ్, అంటే లాక్టేట్ గబగబా పెరగడం మొదలయ్యే హద్దు, దాటేశాడని రాసేస్తారు. కాబట్టి ఒక్కో స్టేజీ (లోడు మెట్టు) అయ్యే ముందే పొడి గాజ్ గుడ్డతో చెవి వెనక, మెడ, జుట్టు అంచు తుడవాలి. ముందటి దానికి రెట్టింపు వచ్చిందంటే నమ్మకండి, మళ్ళీ తీయండి, రెండు అంకెలూ రాయండి. గరిష్ఠ పరీక్ష అయ్యాక లాక్టేట్ శిఖరం వెంటనే రాదు, మూడు నుంచి ఎనిమిది నిమిషాల మధ్య వస్తుంది, అప్పుడు మళ్ళీ తీయాలి.

వాడిన లాన్సెట్ తెల్లటి గట్టి డబ్బాలోకి, రక్తం అంటిన దూది పసుపు సంచీలోకి, గ్లౌజులు ఎర్ర సంచీలోకి. ఇది 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధన. మీకే గుచ్చుకుంటే వేలు నోట్లో పెట్టుకోకండి, పిండకండి. సబ్బునీళ్ళతో కడిగి వెంటనే పై వాళ్ళకి చెప్పి ఆసుపత్రికి వెళ్ళండి. హెచ్ఐవీ నివారణ మందు వీలైతే రెండు గంటల లోపు, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటల లోపు మొదలవ్వాలి. సిగ్గుపడి దాచినవాళ్ళని చూశాను.

సిరల నుంచి రక్తం తీసే ప్రాజెక్టయితే సీరం ట్యూబుని అరగంట గడ్డకట్టనిచ్చి సెంట్రిఫ్యూజ్‌లో (గిర్రున తిప్పి రక్తాన్ని వేరుచేసే మిషన్) తిప్పాలి. ప్రోటోకాల్‌లో '1500 జి' (భూమ్యాకర్షణకి 1500 రెట్లు) అని ఉంటే దాన్ని నిమిషానికి 1500 చుట్లు అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. 15 సెంటీమీటర్ల రోటర్‌కి అది దాదాపు 3000 చుట్లు, 10 సెంటీమీటర్ల దానికి 3660. రోటర్ వ్యాసార్ధం కొలిచి లెక్కగట్టి మూత మీద చీటీ అంటించండి.

చర్మపు మడత

ఒంట్లో కొవ్వు అంచనాకి చర్మాన్ని మడతపట్టి కొలవడం ఇది. దీని గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే చదివితే వచ్చేది కాదు. శరీర కొలతల అంతర్జాతీయ సంస్థ ఐసాక్ పెట్టే లెవల్ వన్ కోర్సు చేయండి. కుడి వైపే కొలవాలి, చోటు పెన్నుతో గుర్తు పెట్టాలి, వేళ్ళకి ఒక సెంటీమీటర్ దూరంలో కాలిపర్ పెట్టి రెండు సెకన్లకి చదవాలి. రెండుసార్లు కొలిచి 5 శాతానికి మించి తేడా ఉంటే మూడోసారి. అసలు పని మొదలెట్టే ముందు 20 మందిని రెండేసి సార్లు కొలిచి మీ తప్పు ఎంతో మీరు తెలుసుకోండి. ఒక్క సూచన: పరీక్షకి ముందే కొలవండి. చెమట పట్టిన చర్మం వేళ్ళలో నిలవదు.

కోరాపుట్‌లో నేను చేసిన తప్పు

ఒక చలికాలంలో ఎనలైజర్‌ని జీపులో వేసుకుని కోరాపుట్ వెళ్ళాం, అక్కడి ఫుట్‌బాల్ కుర్రాళ్ళని కొలవడానికి. పాత మిషన్, గాలి పీడనం మనమే కొట్టాలి, పీల్చిన గాలి పరిమాణాన్ని అది దానితోనే లెక్కగడుతుంది. బరంపురంలో ఏ రోజూ ఆలోచించని విషయం అది. ఫోన్‌లో వాతావరణం యాప్ తీశాను, 1008 హెక్టోపాస్కల్స్ అంది. పాదరసం మిల్లీమీటర్లలోకి మార్చి 756 కొట్టాను. గ్యాస్ కాలిబ్రేషన్ బ్రహ్మాండం, సిరంజి బ్రహ్మాండం. మొదటి కుర్రాడికే గరిష్ఠ వీఓటూ శరీర బరువు కిలోకి నిమిషానికి 58 మిల్లీలీటర్లు వచ్చింది. ప్రాజెక్టు పెద్దాయన ముఖం వెలిగిపోయింది. కొండ మీది పిల్లలు కదా, ఉంటుంది మరి అనుకున్నాం. అలా అనుకోవాలని మనసులో ఉంటే ఏ అంకె అయినా సరైనదిగానే కనిపిస్తుంది.

మూడో రోజు సోమవారం. అలవాటు కొద్దీ నేను సైకిలెక్కాను. 1.68 వచ్చింది. నాకు 1.52 రావాలి. మళ్ళీ తొక్కాను, 1.69. కొండ ఎక్కితే నా గరిష్ఠం తగ్గొచ్చు గానీ, 100 వాట్లకి పెట్టే ఖర్చు పెరగదు కదా.

సంగతేమిటంటే వాతావరణం యాప్‌లు చూపించే పీడనం ఆ చోటుది కాదు. అన్ని ఊళ్ళనీ పోల్చుకోవడానికి సముద్ర మట్టానికి దించి చూపిస్తాయి. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి అసలు పీడనం 685 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. ఒక స్టూడెంట్ ఫోన్‌లో బారోమీటర్ సెన్సార్ ఉంది, దాన్ని నేరుగా చదివితే 913 హెక్టోపాస్కల్స్ అంది, అంటే 685. తేమ తీసేసి లెక్కేస్తే నా అంకెలన్నీ పది పదకొండు శాతం ఎక్కువ. 58 అన్నది నిజానికి 52.

అసలు పరిమాణాల ఫైళ్ళు దాచి ఉంచాం కాబట్టి అందరివీ మళ్ళీ లెక్కగట్టగలిగాం. ప్రాసెస్ అయిన అంకెలు మాత్రమే ఉంచుకుని ఉంటే మూడు రోజుల పరీక్షలూ పోయేవి. గోపాల్‌పూర్ నుంచి దేవమాలి కొండ దాకా ఎక్కడికి వెళ్ళినా ఇప్పుడు మా పెట్టెలో చిన్న బారోమీటర్ ఉంటుంది. పని మొదటి రోజే నేను సైకిలెక్కుతాను, అది ఏ వారమైనా సరే.

ఎండలో ఫీల్డు పనికి ఇంకో పరికరం కావాలి, నల్ల గోళం థర్మామీటర్. తడి బల్బు ఉష్ణోగ్రతలో 0.7 వంతు, గోళానిది 0.2, నీడలో గాలిది 0.1 కలిపితే డబ్ల్యూబీజీటీ, అంటే ఎండ, తేమ కలిసి ఒంటికి తగిలే వేడి సూచిక, వస్తుంది. తేమ గాలికి 0.7 వాటా ఎందుకో గోపాల్‌పూర్ ఇసుకలో మే నెలలో నిలబడితే తెలుస్తుంది. చెమట కారుతుంది గానీ ఆరదు. ఒంట్లో నీళ్ళు చాలక వచ్చినవాళ్ళని మూత్రం సాంద్రతతో పట్టుకోవచ్చు. దాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని డిస్టిల్డ్ వాటర్‌తో 1.000 దగ్గర పెట్టి చూడండి. 1.020 దాటితే నీళ్ళు తాగించి ఆగాలి.

కరెంటు, తుఫాను, ఫ్రీజరు

2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత బరంపురంలో రోజుల తరబడి కరెంటు లేదు. మైనస్ 80 ఫ్రీజరున్న ల్యాబు ఈ తీరంలో ఉందంటే అక్టోబరు రాకముందే జనరేటరు డీజిలు చూసుకోవాలి. ప్రతి శాంపిల్నీ రెండు ముక్కలు చేసి రెండు వేర్వేరు బిల్డింగుల్లో పెట్టాలి. కరెంటు పోతే తలుపు తీయకూడదు, ఎవరు అడిగినా సరే. కాలిబ్రేషన్ గ్యాసు కూడా ఆర్డరు పెట్టిన రోజే రాదు. సిలిండర్ పావు వంతుకి రాగానే కాగితం కదపండి.

నోటుబుక్కు

ల్యాబులో రాయాల్సింది పెన్నుతో, పేజీ నంబర్లున్న పుస్తకంలో. తప్పు రాస్తే ఒక్క గీత, పక్కన పొట్టి సంతకం, తేదీ. వైటనర్ ఉండకూడదు. మనిషి పేరుండదు, కోడ్ మాత్రమే. పేరుకీ కోడ్‌కీ లంకె ఉన్న కాగితం వేరే బీరువాలో, తాళం వేసి.

'ఆ ఒక్క పాయింటూ బాగాలేదు, తీసేయ్' అని ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు అంటారు. నాకూ అన్నారు, నేను అప్పుడు కొత్త, కాంట్రాక్టు మనిషిని. టెన్షన్ పడ్డాను గానీ తీయలేదు. ఎందుకు తీయాలో పుస్తకంలో రాసి సంతకం పెట్టండి సార్, తీసేస్తాను అన్నాను. ఆయన రాయలేదు, పాయింటు ఉండిపోయింది. గట్టిగా వాదించే ధైర్యం లేనివాళ్ళకి ఈ మాట పనికొస్తుంది.

మూసే వేళ

చివరి మనిషి వెళ్ళేముందు అతని రిపోర్టు అతనికి అర్థమయ్యే మాటల్లో నోటితో చెప్పండి. చెప్పకపోతే రెండోసారి రాడు, రెండోసారి రాకపోతే ప్రాజెక్టే లేదు. తర్వాత మాస్కులు మందునీళ్ళలో నానబెట్టి, మంచినీళ్ళతో కడిగి, తలకిందులుగా ఆరేయాలి. రా ఫైళ్ళు రెండు చోట్లకి కాపీ చేయాలి. స్ట్రిప్ డబ్బా మూత బిగించి, ఫ్రీజరు ఉష్ణోగ్రత చూసి తలుపు మీది కాగితంలో రాయాలి. ఆఖర్న సిలిండర్: ముందు మెయిన్ వాల్వు మూసి, పైపులో మిగిలిన గ్యాసు వదిలి, రెండు గేజీలూ సున్నాకి పడ్డాక రెగ్యులేటర్ వదులు చేయాలి. ఆ సున్నాలు కళ్ళతో చూశాకే లైటు తీయండి.